శిలువ గుర్తు లేని పేరు

1917లో లండన్‌లో బంగాళాదుంపలు దొరికేవి కావు. చక్కెర కోసం పొద్దున్నుంచీ లైనులో నిలబడితే, మన వంతు వచ్చేసరికి దుకాణం వాడు ఖాళీ చేతులు చూపించేవాడు. బొగ్గు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక్క కవిత్వం మాత్రం ఎంత కావాలంటే అంత దొరికేది. రైల్వే స్టేషన్లలో, మందుల షాపుల్లో, చర్చి గుమ్మాల దగ్గర కూడా సన్నపాటి కవితల పుస్తకాలు పేర్చి అమ్మేవారు. జనం ఎగబడి కొనేవారు.

"ఇంగ్లీషు కవిత్వానికి ఇంత మంచి సంవత్సరం మళ్లీ రాదు, మిస్ పార్జిటర్!" అని మా యజమాని లావింగ్టన్ గారు పొద్దున్నే చేతులు రుద్దుకుంటూ అనేవారు. నాకు ఒళ్లు మండేది. మంచి సంవత్సరమట! ఆ కవిత్వం రాసేవాళ్లంతా ఫ్రాన్సులో బురద కందకాల్లో ఉన్నారు. ఇవాళ కవిత పంపినవాడు ప్రూఫు చూసుకునేదాకా ఉంటాడో లేదో తెలియదు. చూసుకోవడానికి లేనివాళ్లే ఎక్కువ.

నేను ఆ ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దేదాన్ని. పెళ్లి చేసుకోలేదు, ఎవరికీ భయపడనూ లేదు. హెస్టర్ పార్జిటర్ నోట్లో నోరు పెట్టొద్దని మా ఆఫీసులో కొత్తగా చేరిన వాళ్లకి ముందే చెప్పేవారట. అదీ ఒకందుకు మంచిదే.

ఆ వసంతకాలంలో మేము సైనికుల కవితలన్నీ ఒకచోట కూర్చి ఒక సంకలనం వేశాం. అప్పట్లో అలాంటి సంకలనాలకి ఒక ఆచారం ఉండేది. విషయసూచికలో కవుల పేర్లు వరసగా వేసి, చనిపోయినవాళ్ల పేరు పక్కన చిన్న శిలువ గుర్తు పెట్టేవారు. అందరూ అలాగే చేసేవారు, మేమూ చేశాం. పుస్తకం చేతిలోకి తీసుకున్నవాళ్లు మొట్టమొదట చూసేది ఆ పేజీనే. శిలువ ఉన్నవాడి కవిత ముందు చదివి కళ్లు తుడుచుకునేవారు. బతికున్నవాడి కవితకి ఆ మర్యాద ఉండేది కాదు. పాపం, వాడు ఇంకా చావలేదుగా!

ఆ శిలువలు పెట్టించే పని నాది. రోజూ పేపర్లో మృతుల పేర్లు చూడటం, సైనిక కార్యాలయంలో వాకబు చేయడం, ప్రూఫు మీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టడం. చెత్త పని, కానీ ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశాను. ఒక్క పేరు కూడా తప్పు పోకూడదని నా పట్టుదల. చచ్చినవాడికి మనం చేయగలిగింది ఇంకేముంది?

పుస్తకం బయటికి వచ్చింది. చూస్తుండగానే అమ్ముడైపోయింది. అచ్చు కోసం పేర్చిన సీసపు అక్షరాలు ఇంకా విప్పకుండానే ఉంచారు గనక రెండో ముద్రణ మొదలుపెట్టేశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, జూన్ నెలలో ఒక మధ్యాహ్నం, మిసెస్ ఆర్మరాడ్ మా ఆఫీసు మెట్లు ఎక్కి వచ్చింది.

పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి. తలమీద నీలం టోపీ, దానికి కొత్తగా కుట్టిన రిబ్బను. చేతిలో మా పుస్తకం. ముఖం వెలిగిపోతోంది. మాట్లాడుతుంటే ప్రతి మాటకీ నోరు ఇంతింత తెరిచి, పెదవులు సాగదీసి మాట్లాడుతోంది. మా టైపిస్టు పిల్ల నవ్వు ఆపుకోలేక తల దించుకుంది. నేను కళ్లెర్రజేసి చూశాను.

"బర్న్లీ నుంచి వస్తున్నానమ్మాయ్. రాత్రి రైలు ఎక్కి పొద్దున్న దిగాను. సెత్ ఆర్మరాడ్ వాళ్ల అమ్మని. మీ పుస్తకంలో మా వాడి కవిత వేశారు కదా!"

సెత్ ఆర్మరాడ్ నాకు బాగా గుర్తు. మామూలు సిపాయి, బట్టల మిల్లులో పనిచేసిన కుర్రాడు. పోయిన శరత్కాలంలో చనిపోయాడు. కవిత మిల్లు మీద, మగ్గాల మోత మీద, వాళ్ల అమ్మ మీద. సంకలనం మొత్తంలో నాకు నచ్చినవి నాలుగే నాలుగు, అందులో అదొకటి.

"కూర్చోండమ్మా. మీ అబ్బాయి కవిత చాలా బాగుంది. మీకు చాలా కష్టం..."

"కష్టం తీరిపోయింది తల్లీ!" అని ఆవిడ నా మాట మధ్యలోనే అందుకుంది. "అందుకే వచ్చాను. వాడు ఎక్కడున్నాడో మీకు తెలిసే ఉంటుంది. ఆసుపత్రిలోనా? జర్మనీ వాడి జైల్లోనా? ఎక్కడున్నా పరవాలేదు, చెప్పు. ఆ అడ్రసు ఇస్తే చాలు, వెళ్లిపోతాను."

ఆవిడ కుర్చీలో ముందుకి జరిగి పుస్తకం తెరిచి విషయసూచిక నా ముందు పెట్టింది. పనిచేసి పనిచేసి మొద్దుబారిన వేలితో చూపించింది.

"ఇదిగో, ఈయనకి శిలువ ఉంది. ఈయనకీ ఉంది. ఈ బాబుకి కూడా ఉంది, పాపం ఎవరి కన్నబిడ్డో! ఇదిగో మా సెత్. శిలువ లేదు. చూశావా?"

చూశాను. లేదు. పేరు పక్కన తెల్లగా ఖాళీ.

"పోయిన ఏడాది సైన్యం నుంచి కాగితం వచ్చిందమ్మా, పోయాడని. ఒక్క వస్తువు ఇంటికి రాలేదు. శవం దొరకలేదన్నారు, సమాధీ లేదన్నారు. సరే, పోయాడనుకున్నాను. నల్లబట్టలు కట్టాను, చావు ఇంటి ఆచారంగా కిటికీలకి కర్టెన్లు దించాను, మా వీధి వాళ్లూ దించారు. చావలేక బతికాను. ఇప్పుడీ పుస్తకం వచ్చింది. మా వీధిలో వాళ్లందరం కూర్చుని చూశాం. పక్కింటి మెర్సీ అంది, 'కెజాయా, సైన్యం వాళ్లకేం, లక్షమందిలో పొరపాటు పడతారు. వీళ్లు లండన్ వాళ్లు, చదువుకున్నవాళ్లు, ఒక్కొక్కరి గురించీ వాకబు చేసి వేసుంటారు' అని. నిజమే కదా! మా చాపెల్‌లో ప్రార్థన కూడా పెట్టించారమ్మాయ్. పాస్టరు గారు అందరిచేతా పాట పాడించారు. నేను నల్లబట్టలు విప్పేసి, ఇదిగో ఈ టోపీ పెట్టుకుని వచ్చాను."

ఆవిడ టోపీ సర్దుకుంది. సంతోషంతో మనిషి కుదురుగా కూర్చోలేకపోతోంది.

"ఒక్క నిమిషం అమ్మా" అని లేచి బీరువాలోంచి పాత ప్రూఫు తీశాను. నా ఎర్ర సిరా స్పష్టంగా ఉంది, సెత్ ఆర్మరాడ్ పేరు పక్కన శిలువ. నేను పెట్టాను. మరి అచ్చులో ఏమైంది? నేలమాళిగలోని అచ్చు గదికి పరుగెత్తాను.

కంపోజిటర్ ఏమోస్ టడెన్‌హామ్ అక్షరాల అరల పెట్టె, కేసు ముందు నిలబడి అక్షరాలు పేరుస్తున్నాడు. ముసలివాడు. యువకులంతా యుద్ధానికి పోతే మళ్లీ పిలిచి పనిలో పెట్టుకున్నారు.

"ఏమోస్ గారూ, ఆర్మరాడ్ శిలువ ఏదీ?"

ఆయన చేతిలో పని ఆగిపోయింది. నా వైపు తిరగలేదు.

"అడుగుతారనుకున్నాను మిస్సమ్మా. ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారనుకున్నాను."

"ఏదని అడుగుతున్నాను!"

"శిలువలు అయిపోయాయమ్మా. కేసులో ఉండేవే ఓ గుప్పెడు. పేజీ కింద వివరణలకి వాడతాం, ఎప్పుడో ఒకటి. ఇంతమందికి కావాల్సి వస్తుందని ఎవడనుకున్నాడు? కొత్తవి పోయించమని ఫౌండ్రీకి కబురు పెడితే, సీసం అంతా తూటాలకి పోతోంది, ఆగమన్నాడు. ఉన్నవి సరిగ్గా సరిపోయాయి. అక్షరాలు పేర్చిన ఫారం చట్రంలో బిగించేశాను కూడా. అప్పుడు ఈ పుస్తకంలోనే కవిత ఉన్న లార్డ్ హాల్‌స్టెడ్ గారి అబ్బాయి, కెప్టెన్ లయొనెల్, పోయాడని వార్త వచ్చింది."

మిగతాది చెప్పక్కర్లేకుండానే అర్థమైంది. అయినా ఆయన చెప్పాడు.

"శిలువ లేదు సార్ అని పైకి వెళ్లి అయ్యగారితో చెప్పాను. లార్డు గారు తన స్నేహితులందరికీ పంచడానికి పుస్తకాలు అడిగారు, కొడుకు పేరు పక్కన శిలువ లేకపోతే నా పరువేం కావాలి, ఎవడి దగ్గరిదో ఒకటి తీసి పెట్టు, అన్నారు అయ్యగారు. ఎవరిది తియ్యమంటారు సార్ అన్నాను. 'ఎవరో ఒక మిల్లు కుర్రాడిది తియ్యవయ్యా, వాళ్లింట్లో ఈ పుస్తకం ఎవరు చూడొచ్చారు' అన్నారు. తీశాను మిస్సమ్మా. నా చేతులు పడిపోను."

"వాళ్లమ్మ చూసింది. పైన కూర్చుని ఉంది. కొడుకు బతికే ఉన్నాడని అడ్రసు అడుగుతోంది" అన్నాను.

ఏమోస్ బల్ల అంచు పట్టుకున్నాడు. ఆయన్ని తిట్టే ఓపిక నాకు లేకపోయింది. నా కోపమంతా పై అంతస్తు మీద ఉంది.

లావింగ్టన్ గారి గది ఆఫీసు మధ్యలో ఉండేది. చుట్టూ అద్దాలు. పనివాళ్లు ఏం చేస్తున్నారో కూర్చున్నచోటి నుంచే చూడటానికి అలా కట్టించుకున్నారు. మిసెస్ ఆర్మరాడ్ ఆ అద్దానికి అవతల నా కుర్చీ పక్కన కూర్చుని, టైపిస్టు ఇచ్చిన టీ తాగుతోంది. నన్ను చూసి నవ్వింది. నేను లోపలికి వెళ్లి తలుపు గట్టిగా వేశాను. మామూలుగా మాట్లాడితే అద్దం దాటి ఒక్క ముక్క వినబడదు. నేను అరవకుండా మాట్లాడాను. దేవుడు మెచ్చుకోవాలి నన్ను, అరవకుండా మాట్లాడాను.

"ఆవిడ ఆర్మరాడ్ తల్లి. మీరు తీయించిన శిలువ చూసి, కాదు, లేని శిలువ చూసి వచ్చింది."

ఆయన అద్దంలోంచి ఆవిడ వైపు చూసి, చటుక్కున నా వైపు తిరిగారు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాటా చెప్పాలి. పిరికివాడు. ఒక్కోసారి అదే ఎక్కువ ప్రాణం తీస్తుంది.

"అయ్యో! ఇప్పుడేం చేద్దాం? చూడండి మిస్ పార్జిటర్, ఇప్పుడు చెప్పడం మంచిది కాదు. ఆవిడ ముఖం చూడండి, ఎంత సంతోషంగా ఉందో! సైనిక కార్యాలయానికి రాస్తున్నాం, తెలియగానే చెబుతాం అని పంపించేయండి. ఇంటికి పోనీండి. మెల్లగా ఆవిడకే అర్థమవుతుంది."

"ఏమని అర్థమవుతుంది? కొడుకు చచ్చిపోయాడనా?"

"కొంచెం మెల్లగా..."

"సెత్ ఆర్మరాడ్ చచ్చిపోయాడు. మీకు తెలుసు, నాకు తెలుసు, ఏమోస్‌కి తెలుసు. ఆవిడ ఒక్కదానికే తెలియదు. ఆవిడ రోజూ పోస్టుమాన్ కోసం గుమ్మంలో నిలబడాలా? ఎన్నాళ్లు? లార్డు గారి కొడుక్కి శిలువ కావాలని మీరు ఆవిడ కొడుకుది పీకి ఇచ్చారు. కనీసం ఆ మాట మీ నోటితో చెప్పండి."

"నా వల్ల కాదు" అన్నారాయన. నిజంగానే కళ్లనీళ్లు తిరిగాయి. "మీరు చెప్పండి. లేదా చెప్పకండి. మీ ఇష్టం. నా వల్ల మాత్రం కాదు."

నేను చెబుదామనే తిరిగాను. ఎలా మొదలుపెట్టాలో మనసులో కూడబలుక్కున్నాను. తలుపు తీసి బయటికి వచ్చాను. మిసెస్ ఆర్మరాడ్ టీ కప్పు బల్లమీద పెట్టేసి ఉంది. తలమీద టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆ ముఖంలో ఇందాకటి వెలుగు ఒక్క చుక్క మిగల్లేదు.

"అమ్మా, మీతో ఒక సంగతి..."

"వద్దులే తల్లీ. మళ్లీ చెప్పకు. ఒకసారి చెప్పావుగా."

నాకు అర్థం కాలేదు.

"పదేళ్ల పిల్లప్పటి నుంచీ మగ్గాల మధ్య ఉన్నదాన్ని. అక్కడ గొంతు చించుకున్నా పక్కవాళ్లకి వినబడదు. పెదాలు చూసే మాట్లాడుకుంటాం. ఎంత దూరం నుంచైనా సరే." అద్దాల గది వైపు చూసింది. "నువ్వు చక్కగా, స్పష్టంగా మాట్లాడతావమ్మాయ్. ఆయనే సగం మింగేస్తాడు. అయినా తెలిసింది."

సెత్ కవిత నిండా ఉన్నది అదే కదా! మగ్గాల మోతలో అమ్మ పెదాలు చూసి మాట నేర్చుకున్న పిల్లాడు, ఫిరంగుల మోతలో పక్కనున్న స్నేహితుడి పెదాలు చూసి వాడి ఆఖరి మాట తెలుసుకుంటాడు. ఆ కవిత నేను మూడుసార్లు దిద్దాను. బాగుందని మెచ్చుకున్నాను. ఆ అమ్మ మా ఆఫీసుకి వచ్చి అద్దానికి అవతల కూర్చుంటే నాకు తట్టనే లేదు. నన్ను నరికెయ్యాలి.

ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. చేతులు పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. ఏదో ఒకటి అనాలి కదా, క్షమించమన్నాను. ఆవిడ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"మొదటిసారి జర్మనీ వాడు చంపాడు" అంది. "వాడి మీద కోపం కూడా రాలేదు నాకు. వాడికీ ఒక అమ్మ ఉంటుందిలే అనుకున్నాను. మీరెందుకు చంపారమ్మా? ఇంత మంచి పుస్తకం వేశారు. వాడి పేరు ఎంత అందంగా అచ్చు వేశారు."

టైపిస్టు పిల్ల వెక్కివెక్కి ఏడుస్తోంది. అద్దాల గదిలో లావింగ్టన్ గారు మా వైపు వీపు పెట్టి నిలబడ్డారు.

"రేపు ఏ ముఖం పెట్టుకుని వీధిలోకి వెళ్లను? నాకోసం అందరూ కాసుకుని కూర్చుంటారు. ఎవరూ కర్టెన్లు దించలేదమ్మా ఇవాళ, మా వీధి మొత్తం. మెర్సీ అయితే వాడికిష్టమని కేకు చేస్తానంది, చక్కెర లేకపోయినా పరవాలేదంది. ఇంటింటికీ నేనే వెళ్లి చెప్పాలిగా, దించేయండి అని." ఒళ్లో టోపీ పక్కన పెట్టి, "వాడి శిలువ ఎక్కడుంది?" అని అడిగింది.

"మొన్ననే కొత్తవి వచ్చాయి. రెండో ముద్రణలో పెడతారు. ఇవాళే."

"నేను పెడతాను."

"ఏంటమ్మా?"

"నేనే పెడతాను. వాడికి సమాధి లేదు. పెట్టె లేదు. నా చేత్తో పిడికెడు మట్టి వెయ్యలేదు. మా ఇళ్లలో ఎంత లేనివాళ్లయినా బిడ్డని అలా వదిలెయ్యరు. ఎక్కడుందో చూపించు."

ఒకళ్ల అనుమతి అడగాలని నాకు తోచలేదు. తోచినా అడిగేదాన్ని కాదు. ఆవిడ చెయ్యి పట్టుకుని అచ్చు గదిలోకి దింపాను. మిషను మోగుతోంది, వేరే పేజీలు పడుతున్నాయి. మమ్మల్ని చూడగానే ఏమోస్ దాన్ని ఆపేయించాడు. ఆయన ఆవిడ ముందుకి వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు.

"తీసింది నేనేనమ్మా" అన్నాడు.

"తెలుసయ్యా" అంది ఆవిడ. "తియ్యమంటే తీశావు. మా మిల్లులోనూ అంతే. ఇప్పుడు పెట్టడం చూపించు."

ఏమోస్ ఆమెని రాతి బల్ల దగ్గరికి తీసుకెళ్లాడు. విషయసూచిక ఫారం ఇనప చట్రంలో ఉంది. దాన్ని బిగించి ఉంచే తాళాలు వదులు చేశాడు. ఆవిడ వంగి చూసింది.

"ఇదేనా వాడి పేరు? తిరగేసి ఉందేం?"

"కాగితం మీద పడేటప్పటికి సరిగ్గా వస్తుందమ్మా. ఇదిగో, ఇది 'ఎస్', ఇక్కణ్నుంచి ఇక్కడికి. సెత్ ఆర్మరాడ్."

ఆవిడ ఆ సీసపు అక్షరాలని వేలితో తడిమింది. ఏమోస్ పట్టకారుతో పేరు పక్కన ఖాళీ కోసం పెట్టిన సీసపు ముక్కని పైకి లాగాడు. అక్కడ చిన్న గుంట మిగిలింది. పొట్లంలోంచి కొత్త శిలువ ఒకటి తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు. బియ్యపు గింజంత ముఖం, కొత్త సీసం గనక తళతళమంటోంది. ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది.

"ఇంతేనా?" అంది.

మిషను దగ్గరున్న ఇద్దరూ టోపీలు తీశారు.

ఆ మొద్దు వేళ్లకి అది పట్టు దొరకలేదు. రెండుసార్లు జారిపోయింది. ఏమోస్ సాయం చేయబోతే వద్దంది. మూడోసారి ఆ గుంటలో నిలబెట్టింది. బొటనవేలితో మెల్లగా లోపలికి నొక్కింది. అది అక్షరాలతో సమానంగా దిగింది.

ఏమోస్ తాళం చెవీ సుత్తీ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. కాస్త ఆగి, "వేలు తీయండమ్మా, బిగించాలి" అన్నాడు.

"తీస్తాను" అంది. తీయలేదు. అప్పుడు మొదలైంది ఏడుపు. శబ్దం లేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి, ఇంతింత పెద్దగా తెరిచి, సాగదీసి, ఆ గుర్తుకేసి చూస్తూ ఏదో చెబుతోంది. మాకెవరికీ పెదాలు చదవడం రాదు. చదవగలిగినవాడు ఒక్కడే ఉండేవాడు.

గోడలో ఉన్న గొట్టం ఈల వేసింది. పై అంతస్తు నుంచి పిలవడానికి అమర్చిన గొట్టం అది. నేను వెళ్లి మూత తీశాను.

"మిషను ఎందుకు ఆగింది?" లావింగ్టన్ గారి గొంతు. "సాయంత్రానికి కాగితాలు బైండింగుకి వెళ్లాలి!"

"ఆగండి" అన్నాను. "ఇక్కడ ఖననం జరుగుతోంది."

"ఏమిటీ? ఎవరిది?"

"సెత్ ఆర్మరాడ్‌ది" అని మూత పెట్టేశాను.

ఆవిడ వేలు ఇంకా అక్కడే ఉంది. ఏమోస్ సుత్తి బల్లమీద పెట్టేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.